హోయ్

గురువారం సాయంత్రాలు, పాతనగరంలో
రేషన్ షాపు మీది గదిలో
అయిదుగురం హీబ్రూ నేర్చుకుంటాం.
నలుగురు పాస్టర్లు కాబోతున్న కుర్రాళ్ళు.
నేను పోర్టు వేబ్రిడ్జి దగ్గర తూకాలు రాసేవాణ్ణి.
ఎందుకొచ్చావని బర్నబాసు మాస్టారు అడగలేదు.

కిటికీ గట్టు మీద ఎప్పుడూ బొగ్గుపొడి.
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ నలుపు.
ఆ నలుపులోనే వేలితో రాశారాయన,
కుడి నించి ఎడమకి:
హే. వావ్. యోద్.
"హోయ్. చదవకండి, అనండి."

అన్నాం.
కింద ఆటోవాడు బేరమనుకుని తలెత్తి చూశాడు.

మాస్టారు నవ్వలేదు.
"అదే మరి. మనకది పిలుపు, వాళ్ళకి ఏడుపు.
పాడె వెనక నడుస్తూ
పోయినవాణ్ణి వరస పెట్టి పిలిచే మాట.
తిరిగి చూడడని తెలిసే పిలవడం.
తర్వాత్తర్వాత ప్రవక్తలు దీన్నే మోసుకెళ్ళి
ఊళ్ళేలేవాళ్ళ గుమ్మాల ముందు అన్నారు,
వాళ్ళు లోపల అన్నం తింటుండగా."

నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకున్నాను.
ఓయ్ లీ: ఆ 'లీ' అంటే నాకు. వేరెవరికీ కాదు, నాకే.
అహాహ్: పాట బాగుంటే మనం అనేది,
గుండె జారితే వాళ్ళన్నారు.
ఏఖా: ఎలా. ఎవర్నీ అడగని ప్రశ్న.
అద్ మతై: ఎందాకా. ఒక్కోచోట వాక్యం అక్కడే తెగుతుంది,
మిగతా సగం ఎవరూ రాయలేదు.
హోయ్:
ఎదురుగా 'అయ్యో' రాసి కొట్టేశాను.
పాలు పొంగిపోయినా అంటాం అయ్యో అని.
'శ్రమ' రాసి కొట్టేశాను.
శ్రమని రోజూ తూస్తూనే ఉన్నాను, టన్నుల్లో.

మా సువార్త కేజీహెచ్‌లో పోయిన రాత్రి
నా నోటంట ఒక్క ముక్క రాలేదు.
వరండాలో కూచుని మందుల బిల్లులు కూడాను.
మళ్ళీ కూడాను.
రెండుసార్లూ ఒకే మొత్తం వచ్చింది.

ఆ వారం వాయుగుండం. మూడో నంబరు ఎగరేశారు.
ఫిషింగ్ హార్బరుకి తొమ్మిది పడవలొచ్చాయి,
పదోది రాలేదు.
డ్యూటీ దిగి వెళ్ళేసరికి జెట్టీ చివర
మైలపల్లి కాసులమ్మ, కొంగు నడుముకి బిగించి,
గంప బోర్లించి దాని పక్కన నిలబడి
నీళ్ళకేసి కేకేస్తోంది:

"ఓయ్... ఎల్లాజీ...
ఓరి నా తమ్ముడో...
కూడు సల్లారిపోతంది, రారా!
వల బాగుసేత్తానన్నావు కదరా!
ఇనబడతందేట్రా?"

ఏడుస్తోందో పిలుస్తోందో.
ఐసు కొట్టేవాళ్ళు సుత్తులు ఆపేశారు.
నాకు గ్రామరు గుర్తొచ్చింది. సిగ్గేసింది.
శోకానికి వాళ్ళకో నడక ఉందట:
ముందు మూడడుగులు, వెనక రెండే,
ఒక కాలు కుంటిదైనట్టు.
కాసులమ్మ ఏ బడిలో నేర్చిందో!
మూడుసార్లు పిలిచి
రెండుసార్లంత సేపు ఊపిరి బిగబట్టి వింటోంది.
మూడు. రెండు.
ఆ రెండులో సముద్రం తప్ప ఏమీ లేదు.

నేనూ అన్నాను, గట్టిగా కాదు.
హోయ్.
ఎల్లాజీనే అనుకున్నాను.
రెండోసారి అనేటప్పటికి పేరు మారిపోయింది.
జెట్టీ దిమ్మ పట్టుకుని కూలబడ్డాను.
ఎవరో గ్లాసుతో నీళ్ళిచ్చారు.
"మీవోడు కూడా ఉన్నాడేటి బాబూ పడవలో?"
లేడని చెప్పడం ఎలాగో తెలియలేదు.

మళ్ళీ గురువారం నోటుబుక్కు ఇచ్చాను.
హోయ్ ఎదుట గడి ఖాళీ.
మాస్టారు చాలాసేపు చూసి, ఎర్రపెన్ను మూత పెట్టి
"పడవొచ్చిందా?" అన్నారు.
"ఐసు పెట్టె మూతొచ్చింది సార్,
ముత్యాలమ్మపాలెం దగ్గర."

గట్టు మీద అక్షరాలు పూడిపోయాయి,
'హే' కాలొక్కటే లీలగా కనిపిస్తోంది.
కింద వీధిలో ఎవరో ఎవర్నో
ఓయ్ అన్నారు.
అయిదుగురం ఒక్కసారే
తల తిప్పాం.